ఇనుపగుఱ్ఱము: లూ గెరిగ్

ఒక్కనాడు గొప్పగా ఆడి పదిమందిచేత మెప్పు పొందుట పెక్కుమందికి సాధ్యము. ఏండ్ల తరబడి ఒక్కనాడైనను తప్పక, చేయవలసిన పనిని వేళకు చేయుచుండుట మాత్రము మిక్కిలి అరుదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో బేస్‌బాల్ అను ఆటయందు అట్టి అరుదైన కీర్తిని గడించినవాడు లూ గెరిగ్. అతడు 1925వ సంవత్సరము మొదలు 1939వ సంవత్సరము వరకు తన జట్టు ఆడిన ప్రతి ఆటలోను పాల్గొనెను. అట్లు అతడు వరుసగా ఆడిన ఆటల సంఖ్య 2,130. ఈ సంఖ్య 56 ఏండ్లపాటు మరియొకరికి అందలేదు. అయినను అతని పేరు నేటికిని నిలిచియుండుటకు ఆ సంఖ్య యొక్కటియే కారణము కాదు. ఆ వరుసను అతడు ఏ రీతిని నిలిపెనో, ఏ దినమున తనంతట తానే ముగించెనో, ఆ పిదప ఎట్లు జీవించెనో కూడ తెలిసికొనదగిన విషయములు.

బేస్‌బాల్ మన మెరిగిన క్రికెట్టునకు దూరపు బంధువు వంటి ఆట. జట్టునకు తొమ్మండుగురు ఆటగాండ్రు. మైదానములో నాలుగు మూలలుగల చతురస్రమొకటి యుండును. దాని ఒక్కొక్క భుజము 90 అడుగులు. మూలలను బేసులందురు. ఒకడు బంతి విసరును. ఎదుటి జట్టువాడు గుండ్రని కఱ్ఱతో దానిని కొట్టి పరుగెత్తును. మూడు బేసులను చుట్టి, బయలుదేరిన చోటికి మరల చేరినచో ఒక పరుగు లభించును. మైదానపు ఎల్లయగు గోడ దాటునట్లు బంతిని కొట్టినచో దానిని హోమ్ రన్ అందురు. అప్పుడు కొట్టినవాడును, బేసులయందు నిలిచియున్న అతని జట్టువారును నిరాటంకముగా ఇల్లు చేరుదురు. మూడు బేసులయందును మనుష్యులుండగా కొట్టిన హోమ్ రన్‌కు నాలుగు పరుగులు వచ్చును. దానికి గ్రాండ్ స్లామ్ అని పేరు. గెరిగ్ కాలమున ప్రతి జట్టును ఏటేట 154 ఆటలు ఆడెడిది. వసంతకాలము మొదలు సెప్టెంబరు చివరి వరకు ఇంచుమించు ప్రతిదినమును ఆట యుండెడిది. వరుసగా 2,130 ఆటలనగా ఎంత శ్రమయో దీనినిబట్టి ఊహింపవచ్చును.

లూ గెరిగ్ 1903వ సంవత్సరము జూన్ 19వ తేదీన న్యూయార్క్ నగరమున జన్మించెను. అతని తల్లిదండ్రులు జర్మనీ దేశమునుండి వలస వచ్చినవారు. తండ్రి హైన్‌రిక్ లోహపు రేకులతో పనిచేయువాడు. అతనికి ఆరోగ్యము చాలకపోవుటచేత పని నిలుకడగా దొరకెడిది కాదు. తల్లి క్రిస్టీనా పరుల ఇండ్లలో వంటచేసి, బట్టలుతికి, ఇల్లు గడుపుచుండెను. ఆమెకు నలుగురు బిడ్డలు కలిగిరి గాని, తక్కిన ముగ్గురు పసితనముననే మరణించిరి. బ్రతికి బట్టకట్టినవాడు లూ ఒక్కడే. అందుచేత ఆ తల్లి తన ఆశలన్నియు ఆ ఒక్క కొడుకుమీదనే పెట్టుకొనెను. కొడుకు బాగుగా చదివి ఇంజనీరు కావలెననియు, తమవలె కూలికి పాటుపడకూడదనియు ఆమె కోరిక.

లూ బలిష్ఠుడు; అంతకు మించి బిడియస్థుడు. పాఠశాలలో ఫుట్‌బాల్, బేస్‌బాల్ ఆటలు రెండింటను ఆరితేరెను. 1920వ సంవత్సరము జూన్ నెలలో అతని పాఠశాల జట్టు షికాగో నగరమునకు పోయి అచటి పాఠశాల జట్టుతో ఆడెను. ఆ ఆట పేరుమోసిన వృత్తి ఆటగాండ్రు ఆడు విశాలమైన మైదానమున జరిగెను. పదివేలమందికి పైగా జనులు చూడవచ్చిరి. చివరి విడతలో మూడు బేసులును నిండియుండగా లూ కొట్టిన బంతి మైదానము ఎల్లలు దాటి వీధిలో పడెను. అప్పటికి అతనికి 17 ఏండ్లు నిండి వారము దినములు మాత్రమే అయినది. పెద్దలకే కష్టమైన దెబ్బను ఒక విద్యార్థి కొట్టెనని వార్తాపత్రికలు అతని పేరును ప్రకటించినవి.

1921లో అతడు కొలంబియా విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదువునకు చేరెను. అతని తల్లి అచటి విద్యార్థుల వసతిగృహమొకదానిలో వంటమనిషిగా నుండెను. లూ అచట తల్లికి చేదోడుగా నుండి పనులు చేసెడివాడు. ఆటలో నేర్పునుబట్టి అతనికి విద్యార్థి వేతనము లభించెను. కాని కళాశాల తరగతులు ప్రారంభము కాకమునుపే అతడొక పొరపాటు చేసెను. డబ్బు తీసికొని ఆడినవారు కళాశాల జట్లలో ఆడరాదని ఆనాటి నియమము. పెద్దవారి సలహా విని, అతడు హెన్రీ లూయిస్ అను మారుపేరు పెట్టుకొని హార్ట్‌ఫర్డ్ పట్టణపు వృత్తి జట్టులో కొన్ని ఆటలు ఆడెను. ఆ సంగతి దాగలేదు. కళాశాలవారు అతనిని మొదటి ఏడంతయు ఆటలనుండి బహిష్కరించిరి. పేరు మార్చుకొన్నంతమాత్రమున చేసిన పని మారదని ఆ యువకునకు బోధపడెను. ఆ తరువాత అతడు తన పేరును దాచుకొనవలసిన పని ఎన్నడును చేయలేదు.

1923వ సంవత్సరము ఏప్రిల్ 18వ తేదీ బేస్‌బాల్ చరిత్రలో రెండు విధముల గుర్తుంచుకొనదగినది. ఆనాడు న్యూయార్క్ యాంకీస్ జట్టువారి నూతన క్రీడాంగణము ప్రారంభమయ్యెను. అందు ఆనాటి మేటి ఆటగాడైన బేబ్ రూత్ మొదటి హోమ్ రన్ కొట్టెను. అదే నగరమున, అదే దినమున, కొలంబియా విశ్వవిద్యాలయపు మైదానమున లూ గెరిగ్ బంతి విసరుచు, ఎదుటి కళాశాలవారిని 17 మారులు బంతి తాకనీయక వెనుకకు పంపెను. అంత చేసినను అతని జట్టు ఓడిపోయెను. యాంకీస్ జట్టు తరపున క్రొత్తవారిని వెదకుచుండిన పాల్ క్రిచెల్ అనునతడు గెరిగ్ విసరు బంతికన్న కొట్టు బంతినే ఎక్కువగా మెచ్చుకొనెను. ఆ నెలలోనే యాంకీస్ జట్టు అతనికి 1,500 డాలర్లు ముందుగా ఇచ్చి ఒప్పందము కుదుర్చుకొనెను.

కొడుకు చదువు మానుచున్నాడని విని తల్లి మిక్కిలి దుఃఖించెను. బంతియాట వృత్తి యెట్లగునో ఆమెకు తోచలేదు. కాని ఇంటి పరిస్థితి కఠినముగా నుండెను. తల్లిదండ్రులను సుఖపెట్టుటకు ఇంతకన్న వేరు మార్గము లేదని లూ నిశ్చయించుకొనెను. తల్లి కోరిన చదువును వదలి, ఆ తల్లి కష్టము తీర్చుటకే అతడు ఆటలో దిగెను. ఆ ఏడును, మరుసటి ఏడును అతడు అధికభాగము హార్ట్‌ఫర్డ్ జట్టులోనే ఉండి శిక్షణ పొందెను. ఈ మారు తన స్వంత పేరుతోనే ఆడెను.

1925లో అతడు యాంకీస్ జట్టునకు తిరిగి వచ్చెను. ఆ జట్టులో మొదటి బేసు కాపాడువాడు వాలీ పిప్ అను అనుభవశాలి. ఆ స్థానము ఖాళీ లేనందున గెరిగ్ బల్లమీద కూర్చుండి కాలము గడుపుచుండెను. జూన్ 1వ తేదీన మేనేజరు మిల్లర్ హగిన్స్ అతనిని వానింజర్ అను వానికి బదులుగా ఒక్కమారు కొట్టుటకు పంపెను. మరుసటి దినమున పిప్‌నకు మారుగా మొదటి బేసునందు నిలిపెను. ఆనాడు పిప్‌నకు తలనొప్పి వచ్చెననియు, ఆ తలనొప్పివలననే అతని స్థానము పోయెననియు ఒక కథ ప్రచారములో ఉన్నది. నిజమునకు జట్టంతయు ఓడుచుండుటచేత మేనేజరు పెక్కు మార్పులు చేసెను. అందిదియు నొకటి. పిప్ ఆ స్థానమునకు మరల రాలేదు. గెరిగ్ ఆ స్థానమును 14 ఏండ్ల వరకు విడువలేదు.

ఇందొక విచిత్రము కలదు. అంతకుముందు వరుసగా 1,307 ఆటలు ఆడి రికార్డు స్థాపించినవాడు ఎవెరెట్ స్కాట్. అతడును యాంకీస్ జట్టువాడే. 1925 మే నెలలో అతని వరుస తెగినపుడు అతని స్థానమున వచ్చినవాడు వానింజర్. నెల తిరుగక మునుపే ఆ వానింజర్‌నకు బదులుగానే గెరిగ్ తన వరుసను ప్రారంభించెను. ఒక గొప్ప వరుస ముగిసిన చోటనే మరియొకటి మొలకెత్తినను, ఆనాడు దానిని గుర్తించినవారు లేరు.

యాంకీస్ జట్టులో గెరిగ్ ఎంత గొప్పగా ఆడినను మరియొకరి నీడలో ఉండవలసివచ్చెను. బేబ్ రూత్ మాటకారి, ఉల్లాసి, జనులకు కన్నులపండుగ. గెరిగ్ మితభాషి, ఆట ముగియగానే ఇల్లు చేరి తల్లి వంట తినువాడు. రూత్ మూడవవాడుగా కొట్టుటకు పోయెడివాడు, గెరిగ్ నాలుగవవాడు. 1929లో ఆటగాండ్ర చొక్కాలపై అంకెలు వేసినపుడు ఈ వరుసనుబట్టియే రూత్‌నకు 3, గెరిగ్‌నకు 4 లభించెను. 1927లో రూత్ 60 హోమ్ రన్‌లు కొట్టి లోకమును ఆశ్చర్యపరచెను. ఆ ఏడే గెరిగ్ 47 హోమ్ రన్‌లు కొట్టి, తమ లీగునందు అత్యంత విలువైన ఆటగాడుగా బహుమానము పొందెను. అయినను జనులు రూత్ 60 సంఖ్యనే చెప్పుకొనిరి.

1931లో మరియొక సంఘటన జరిగెను. వాషింగ్టన్ నగరమున గెరిగ్ కొట్టిన బంతి ప్రేక్షకుల నడుమ పడి, మరల ఎగిరి మైదానములోని ఆటగాని చేతిలో పడెను. బేసునందున్న అతని జట్టువాడొకడు బంతి పట్టబడెనని భ్రమించి పరుగు మానివేసి తన బల్లవద్దకు పోయెను. వంచిన తల ఎత్తక పరుగెత్తుచున్న గెరిగ్ అతనిని దాటిపోయెనని నిర్ణేతలు అతనిని ఔటు చేసిరి. ఆ హోమ్ రన్ లెక్కకు రాలేదు. ఏడాది చివరకు రూత్, గెరిగ్ ఇరువురును చెరి 46 హోమ్ రన్‌లతో సమానులైరి. ఆ ఒక్కటి నిలిచియున్నచో గెరిగ్ ఒక్కడే ప్రథముడగువాడు.

1932వ సంవత్సరము జూన్ 3వ తేదీన ఫిలడెల్ఫియా నగరమున గెరిగ్ ఒకే ఆటలో నాలుగు హోమ్ రన్‌లు కొట్టెను. ఆ శతాబ్దమున అంతవరకు ఎవ్వరును చేయని పని యిది. అయిదవది కూడ కావలసిన బంతిని గోడ దాపున ఎదుటి జట్టువాడు పట్టుకొనెను. అంతటి ఘనకార్యము మరునాడు పత్రికల మొదటి శీర్షికలలో వెలుగవలసినదే. కాని ఆ దినముననే జాన్ మెక్‌గ్రా అను ప్రఖ్యాత మేనేజరు 30 ఏండ్ల సేవ చాలించి విరమించుకొనెను. పెద్ద శీర్షికలు ఆ వార్తకు పోయినవి. గెరిగ్ మాత్రము మరునాడు యథాప్రకారము ఆటకు వచ్చెను.

1933వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన సెయింట్ లూయిస్ నగరమున అతడు వరుసగా 1,308వ ఆట ఆడి స్కాట్ రికార్డును దాటెను. ఆ సంవత్సరముననే ఎలినార్ అను ఆమెను వివాహమాడెను. 1934లో కొట్టుటలో సగటు, హోమ్ రన్‌లు, జట్టునకు తెచ్చిన పరుగులు అను మూడింటను తన లీగులో ప్రథముడై, త్రివిధ కిరీటమనబడు గౌరవమును పొందెను. ఆ ఏడు అతడు కొట్టిన హోమ్ రన్‌లు 49. పదిమార్లలో మూడుమార్లు బంతిని సఫలముగా కొట్టగలిగినవానిని మంచి ఆటగాడందురు. ఆ ఏడు గెరిగ్ సగటు వేయింటికి 363.

ఈ వరుస సుఖముగా సాగినది కాదు. 1934లో ఒకనాడు బంతి తలకు తగిలి అతడు స్పృహ తప్పి పడిపోయెను. మరునాడే బ్యాటు చేతబట్టి వచ్చెను. అదే ఏడు నడుమునొప్పి అతనిని మిక్కిలి బాధించెను. నిలువలేని స్థితిలో ఒక ఆటయందు అతని పేరును మొట్టమొదట కొట్టువాడుగా వ్రాసిరి. అతడు ఒక్కమారు బంతి కొట్టి, మొదటి బేసు చేరి, వెంటనే తొలగిపోయెను. అట్లు వరుస తెగక నిలిచెను. ఇట్టి ఆట ఆట యగునా యని ప్రశ్నించువారు కలరు. ఆ ప్రశ్నలో న్యాయము లేకపోలేదు. కాని తక్కిన రెండువేలకు పైబడిన ఆటలలో అతడు చెమటోడ్చి ఆడెననుటకు సందేహము లేదు. తరువాతి కాలమున వైద్యులు అతని చేతులకు ఎక్స్‌రే తీయగా, ఎముకలు విరిగి తమంతట తామే అతుకుకొనిన గుర్తులు 17 కనబడెనని చెప్పుదురు. వ్రేళ్లు విరిగిన దినములలో కూడ అతడు ఆటకు రాక మానలేదు. పూర్వము అమెరికనులు రైలుయంత్రమును ఇనుపగుఱ్ఱమని పిలిచెడివారు. అలయక వేళకు వచ్చు గెరిగ్‌నకు ఆ బిరుదమే స్థిరపడెను.

1935లో అతడు జట్టు నాయకుడయ్యెను. 1936లో రెండవమారు అత్యంత విలువైన ఆటగాడుగా ఎన్నుకొనబడెను. అతడు ఆడిన కాలమున యాంకీస్ జట్టు ఆరు మారులు ప్రపంచ విజేతల బిరుదమును గెలిచెను. వంటమనిషి కొడుకు అమెరికాలో మిక్కిలి జీతము తీసికొను ఆటగాండ్రలో ఒకడయ్యెను. తల్లి చేతుల కష్టము తీరెను. ఇక కోరదగినది మిగులలేదని అందరును తలచిరి.

1938లో అతని ఆటలో మార్పు కనబడెను. సగటు వేయింటికి 295కు దిగెను. ఇతరులకు అది మంచి సంఖ్యయే, గెరిగ్‌నకు కాదు. బంతిని సరిగా కొట్టినను అది దూరము పోకుండెను. వయసు మీరుచున్నదేమోయని అతడు మరింత సాధన చేసెను. 1939 వసంతమున అభ్యాసకాలములో స్థితి మరింత దిగజారెను. కాళ్లు తడబడెడివి, చేతికి అందవలసిన బంతి జారిపోయెడిది. ఏప్రిల్ నెలలో ఎనిమిది ఆటలాడి అతడు సఫలముగా కొట్టిన బంతులు నాలుగు మాత్రమే. మేనేజరు జో మెకార్తీ అతనిని తొలగించుటకు మనసొప్పక ఊరకుండెను. అంతటివానిని పొమ్మని చెప్పగల ధైర్యము ఎవరికిని లేదు.

ఏప్రిల్ 30వ తేదీన ఒక సామాన్యమైన బంతి విషయమున గెరిగ్ మొదటి బేసునొద్ద తన పని నెరవేర్చెను. తోటివారు అదేదో ఘనకార్యమైనట్లు అతనిని అభినందించిరి. వారు ప్రేమతోనే అట్లు చేసిరి. కాని అతని హృదయమున అది గ్రుచ్చుకొనెను. ప్రతివాడును చేయదగిన పనికి తనను మెచ్చుకొనుచున్నారనగా, తననుండి వారు ఇక నేమియు ఆశించుట లేదని అతడు గ్రహించెను. ఆ రాత్రియు మరునాడును ఆలోచించుకొనెను. వరుస నిలుపుకొనవలెనన్నచో నిలుపుకొనవచ్చును, అడ్డుచెప్పువారు లేరు. కాని జట్టు తనకొరకు ఓడవలసివచ్చును. పదునాలుగేండ్లు జట్టుకొరకే ఆడితినని నమ్మినవాడు ఇప్పుడు తన సంఖ్యకొరకు ఆడుట యుక్తమా?

మే 2వ తేదీన డెట్రాయిట్ నగరమున అతడు మెకార్తీని కలిసికొని, జట్టు మేలుకోరి ఆనాడు తనను ఆడింపవద్దని తానే కోరెను. మెకార్తీ విచారముతో అంగీకరించెను. జట్టు నాయకుడగుటచేత ఆటగాండ్ర పట్టికను నిర్ణేతలకు గెరిగే స్వయముగా అందించెను. ఆ పట్టికలో అతని పేరు లేదు. మొదటి బేసు చోట బేబ్ డాల్‌గ్రెన్ పేరుండెను. గెరిగ్ నేడు ఆడుట లేదని ప్రకటింపగా, పరాయి నగరపు ప్రేక్షకులు లేచి చాలసేపు కరతాళధ్వనులు చేసిరి. అతడు టోపీ తీసి వందనము చేసి, బల్లమీద కూర్చుండి కన్నీరు తుడుచుకొనెను. ఆనాడు చూడవచ్చినవారిలో వాలీ పిప్ కూడ ఉండెను. పదునాలుగేండ్ల క్రిందట ఎవని స్థానమున గెరిగ్ వచ్చెనో, అతడే ఆ వరుస ముగియుట కన్నులార చూచెను.

తన దేహమునకు ఏమి కలిగెనో తెలిసికొనుటకై గెరిగ్ జూన్ నెలలో మిన్నెసోటా రాష్ట్రములోని మేయో వైద్యశాలకు పోయెను. ఆరు దినములు పరీక్షలు జరిపి వైద్యులు తీర్పు చెప్పిరి. ఆ దినము జూన్ 19. అతని ముప్పదియారవ జన్మదినము. మెదడునందును, వెన్నుపామునందును ఉండి కండరములను ఆడించు నరముల కణములు క్రమముగా నశించు వ్యాధి అది. కాళ్లు చేతులు మొదలుకొని క్రమక్రమముగా మాట, మ్రింగుట, ఊపిరి కూడ కష్టమగును. బుద్ధి మాత్రము సాధారణముగా చెడకుండును. ఫ్రెంచి వైద్యుడు షార్కో 1869లో ఈ వ్యాధిని వర్ణించెను. ఇక గెరిగ్ ఆడజాలడని తేలిపోయెను.

జూలై 4వ తేదీ అమెరికనుల స్వాతంత్ర్య దినము. 1939లో ఆ దినమున యాంకీస్ క్రీడాంగణమున గెరిగ్‌ను సన్మానించిరి. 61,000 మందికి పైగా జనులు వచ్చిరి. 1927నాటి పాత మిత్రులును వచ్చిరి. కొంతకాలముగా అతనితో మాటలు మానిన బేబ్ రూత్ కూడ వచ్చి అతనిని కౌగిలించుకొనెను. బహుమానములు ఇచ్చినవారిలో మైదానమును చదును చేయు పనివారును ఉండిరి. చేతులలో బలము లేనందున గెరిగ్ ఒక్కొక్క బహుమానమును అందుకొని నేలమీద ఉంచుచుండెను. మాటలాడవలసిన వేళకు అతనికి గొంతు పెగలలేదు. మెకార్తీ ప్రోత్సహింపగా, చేతిలో కాగితము లేకయే మాటలాడెను. తనకు కలిగిన దురదృష్టమును గూర్చి అందరును వినియుందురనియు, అయినను తాను భాగ్యశాలిననియే భావించుచున్నాననియు చెప్పెను. మేనేజరులను, తోటివారిని, మైదానపు పనివారిని స్మరించెను. అత్తగారికి కృతజ్ఞత చెప్పెను. తన చదువుకొరకు జీవితమంతయు కాయకష్టము చేసిన తల్లిదండ్రులను, ధైర్యమునకు గోపురమువలె నిలిచిన భార్యను కొనియాడెను. వ్యాధి పేరు గాని, నింద గాని అతని నోట రాలేదు. ఆనాడే అతని 4వ అంకెను యాంకీస్ జట్టులో మరెవ్వరును ధరింపరాదని నిశ్చయించిరి. పెద్ద లీగులలో ఒక ఆటగాని గౌరవార్థము అంకెను విరమింపజేయుట అదియే ప్రథమము. ఆ సంవత్సరాంతమున నియమమును సడలించి అతనిని బేస్‌బాల్ ప్రముఖుల మందిరములో చేర్చిరి.

ఆట ముగిసెనని గెరిగ్ పని మానలేదు. అతని పేరును వాడుకొని లాభము పొందగోరిన వ్యాపారులు ఎక్కువ ధనము ఇచ్చుటకు సిద్ధముగా నుండిరి. అతడు వానిని కాదని, న్యూయార్క్ నగర మేయరు లా గార్డియా కోరిన ప్రకారము ఖైదీల విడుదల సంఘములో సభ్యుడయ్యెను. శిక్షాకాలము ముగియక మునుపే ఏ ఖైదీని కట్టుబాట్లతో విడువవచ్చునో విచారించుట ఆ సంఘపు పని. జీతము ఏడాదికి 5,700 డాలర్లు. అతడు బేస్‌బాల్‌లో పొందినదానిలో అది చిన్న భాగము. ఆ ఉద్యోగి నగరముననే నివసింపవలెనను నియమముండుటచేత అతడు నగరములోని రివర్‌డేల్ ప్రాంతమునకు ఇల్లు మార్చెను. 1940వ సంవత్సరము జనవరిలో ప్రమాణము చేసి, చెరసాలలకు పోయి ఖైదీలను చూచుచు, వారి పత్రములను చదువుచు పనిచేసెను. పత్రికలవారు తన వెంట రాకూడదని కోరెను. చేయి స్వాధీనము తప్పినపుడు ఎలినార్ అతని చేతిని పట్టి పత్రములపై సంతకము చేయించెడిది. మరణమునకు నెలదినములకు ముందు వరకు, దేహము బొత్తిగా సహకరింపని వేళ వరకు, అతడు ఆ పనిని విడువలేదు.

1941వ సంవత్సరము జూన్ 2వ తేదీన లూ గెరిగ్ తన ఇంట మరణించెను. అప్పటికి అతనికి 37 ఏండ్లు. పిప్ స్థానమున అతడు తొలుత నిలిచిన దినమునుండి సరిగా 16 ఏండ్లు. మరుసటి ఏడు అతని జీవితము చలనచిత్రముగా వెలువడెను.

రికార్డులు శాశ్వతములు కావు. గెరిగ్ కొట్టిన 23 గ్రాండ్ స్లామ్‌లను 2013లో అలెక్స్ రోడ్రిగెజ్ దాటెను. 1995వ సంవత్సరము సెప్టెంబరు 6వ తేదీన బాల్టిమోర్ జట్టు ఆటగాడు కాల్ రిప్‌కెన్ వరుసగా 2,131వ ఆట ఆడి గెరిగ్ సంఖ్యను అధిగమించెను. అతని వరుస 1998లో 2,632 వద్ద ముగిసెను. అతడును గెరిగ్ వలెనే తన వరుసను తానే ముగించెను.

అమెరికాలో ఆ వ్యాధిని నేటికిని లూ గెరిగ్ వ్యాధియనియే పిలుతురు. దానిని పూర్తిగా నయము చేయు మందు ఇంకను లభింపలేదు. 2021వ సంవత్సరమునుండి పెద్ద లీగులవారు ప్రతి జూన్ 2వ తేదీని అతని పేర జరుపుచు, ఆ వ్యాధి పరిశోధనకై ధనము సేకరించుచున్నారు.

రెండువేలకు పైగా ఆటలకు అతడు తప్పక వచ్చెను. తన రాక జట్టునకు మేలుగాక భారమగునని తెలిసిన దినమున, ఎవరును చెప్పకమునుపే తప్పుకొనెను. రెండింటిలో మొదటిదానికి దేహబలము కావలెను. రెండవదానికి మనోబలము కావలెను. ఆ రెండును గలవాడగుటచేతనే, సంఖ్యలు మారినను లూ గెరిగ్ పేరు మాసిపోలేదు.